ఉపవాసంలో నీరు, ఉప్పు: అంబరీషోపాఖ్యానం నుంచి గాంధీజీ నిరశనల దాకా

ఉపవాసాన్ని గురించి రాసినప్పుడు మన సాహిత్య చరిత్రకారులైనా, రాజకీయ చరిత్రకారులైనా సాధారణంగా రెండే ప్రశ్నలు వేశారు. ఏమి తినలేదు? ఎన్నాళ్లు తినలేదు? ఆ దినాలలో ఉపవాసి ఏమి తాగాడు, తాగినదానిలో ఉప్పు ఉందా లేదా అన్నది అడిగినవారు తక్కువ. ప్రాణం నిలవడం, పోవడం చాలా సందర్భాలలో ఈ రెండో విషయం మీదనే ఆధారపడింది. తెలుగు పదాలలో, పురాణేతిహాసాలలో, ధర్మశాస్త్ర నియమాలలో, ఆపైన 20వ శతాబ్దపు రాజకీయ నిరశనలలో నీటికీ ఉప్పుకూ ఏ స్థానం దక్కిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు ప్రేరణ గ్రంథాలయంలో కలగలేదు. కొన్నేళ్ల కిందట మా అమ్మమ్మ తొలి ఏకాదశి నుంచి ఉప్పిడి ఒక్కపొద్దు పట్టింది. రక్తపోటుకు రోజూ ఒక మాత్ర వేసుకొనే మనిషి. ఉపవాసంలో నీళ్లు బాగా తాగాలని అక్కడా ఇక్కడా చదివిన జ్ఞానంతో ఆమెకు పదేపదే చెప్పింది నేనే. మూడో వారానికి ఆమె మగతలో పడింది, నన్ను మా అమ్మ పేరుతో పిలవసాగింది. రక్తపరీక్షలో సోడియం బాగా పడిపోయి ఉంది. వేసుకొనే మాత్ర మూత్రంతోపాటు ఉప్పును కూడా బయటికి పంపే రకం, తిండిలో ఉప్పు లేదు, పైనుంచి కడవల కొద్దీ నీళ్లు. "నీళ్లు తక్కువై కాదమ్మా, ఉప్పు తక్కువై" అన్నారు వైద్యులు. ఆమె కోలుకుంది. నేనిచ్చిన సలహా మాత్రం నన్ను వదలలేదు.

పదాల సాక్ష్యం

తెలుగులో ఆకలితో ఉండడానికి ఒకే పదం లేదు. ఉపవాసం, ఒక్కపొద్దు, నక్తం, ఉప్పిడి, లంకణం, పస్తు అనే పదాలు ఒకదానికొకటి పర్యాయాలు కావు. వీటిని విడదీసి చూస్తే మన పూర్వులు ఆహార నియమాన్ని ఎన్ని కొలతలతో కొలిచారో తెలుస్తుంది.

ఒక్కపొద్దు కాలాన్ని కొలిచే పదం. రోజుకు ఒక పూట మాత్రమే భోజనం. కొన్ని ప్రాంతాలలో ఇది ఒంటిపొద్దు. సంస్కృత వ్రత పరిభాషలోని ఏకభుక్తానికి ఇది దగ్గరది. పగలంతా ఆగి రాత్రి మాత్రమే భుజిస్తే అది నక్తం. ఇప్పుడు ఆంగ్లం నుంచి వచ్చి మన పట్టణాలలో ప్రచారమైన విరామ ఉపవాసం, అంటే రోజులో పదహారు గంటలు ఆగి ఎనిమిది గంటల వ్యవధిలోనే తినడం, ఈ రెండింటికీ చుట్టమే. పేరు కొత్తది కావచ్చు, పద్ధతి కాదు.

ఉప్పిడి అలా కాదు. అది కాలాన్ని కొలవదు, రుచిని కొలుస్తుంది. ఉప్పు లేని తిండి ఉప్పిడి. "ఉప్పిడి ఉపవాసాలు" అన్న జంట ప్రయోగం మన పెద్దల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. ఉప్పు మానడాన్ని ఉపవాసం పక్కన నిలబెట్టిన ఈ జంటలో ఒక గుర్తింపు ఉంది: ఉప్పు మానడం అన్నం మానడం వంటిదే, దానిలో భాగం కాదు. లంకణం వైద్యుడు పెట్టేది. సంస్కృత లంఘనం నుంచి వచ్చింది. పస్తు పేదరికం పెట్టేది. పస్తులో పుణ్యమూ లేదు, పథ్యమూ లేదు.

నీటి విషయానికి వస్తే అచ్చ తెలుగులో ప్రత్యేకమైన వ్రతనామం కనిపించదు. నిర్జలం అని సంస్కృతాన్నే ఆశ్రయించవలసి వచ్చింది. నీళ్లు మానడం మన వాడుకలో సాధారణ నియమం కాకపోవడమే దీనికి కారణమని నా ఊహ. ఇది ఊహ మాత్రమే. ఒక పదం లేకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకోవడంలో ఉన్న ప్రమాదం నాకు తెలియనిది కాదు.

తిన్నట్టూ కాదు, తిననట్టూ కాదు

పోతన ఆంధ్ర మహాభాగవతం నవమ స్కంధంలోని అంబరీషోపాఖ్యానం ఈ చర్చకు కీలకం. సాధారణంగా దీనిని భక్తుని మహిమకు, సుదర్శన చక్ర ప్రభావానికి ఉదాహరణగా బోధిస్తారు. కానీ కథకు ఇరుసు ఒక గుక్కెడు నీళ్లు.

అంబరీషుడు ఏడాదిపాటు ద్వాదశీ వ్రతం సాగించి, కార్తికంలో మూడు రాత్రులు ఉపవసించి, పారణకు సిద్ధమవుతాడు. దుర్వాసుడు అతిథిగా వచ్చి, భోజనానికి ఒప్పుకొని, యమునకు స్నానానికి వెళ్లి తిరిగి రాడు. ద్వాదశి ఇంక అర్ధముహూర్తమే మిగిలింది, అంటే 24 నిమిషాలు. అతిథి రాకముందే భుజిస్తే అపచారం. ద్వాదశి దాటితే వ్రతభంగం. రాజు విద్వాంసులను అడుగుతాడు. నీరు తాగడం భుజించడమూ అవుతుంది, భుజించకపోవడమూ అవుతుంది అన్న శ్రుతి సమ్మతమైన మార్గం దొరుకుతుంది. అతడు నీళ్లు మాత్రం తాగుతాడు. దుర్వాసుడు దానిని భోజనంగానే లెక్కించి కోపిస్తాడు.

ఈ ఘట్టంలో ఇద్దరి లెక్కా ఒకే నియమంలోని రెండు కొనలు. రాజు ఒక కొన పట్టుకున్నాడు, ముని రెండోది. విష్ణుచక్రం ఎవరి పక్షాన నిలిచిందో కథ తెలిసిన వారికి చెప్పనక్కరలేదు. నీరు ఉపవాసానికి సరిహద్దు రాయి. ఒకవైపు నుంచి చూస్తే ఆహారం, మరోవైపు నుంచి చూస్తే కాదు. మూడు రాత్రులు ఎండిన దేహానికి మొదట అందినది నీరే కావడం కూడా గమనార్హం.

అదే భాగవతం చతుర్థ స్కంధంలో ధ్రువుని తపస్సు ఉంది. మొదటి నెలలో మూడేసి రోజులకు వెలగపండ్లు, రేగుపండ్లు. రెండో నెలలో ఆరేసి రోజులకు ఎండుటాకులు, గడ్డి. మూడో నెలలో తొమ్మిదేసి రోజులకు నీరు. నాలుగో నెలలో గాలి. ఆహారం తగ్గుతూ పోయే క్రమంలో అన్నింటికన్న చివర వదిలినది నీరు. కాళిదాసు కుమారసంభవంలో పార్వతి రాలిన ఆకులను కూడా మాని అపర్ణ అయింది, కానీ తనంతట వచ్చి పడిన నీటిని మానలేదు. కావ్యాలు ఆరోగ్యశాస్త్రాలు కావు, ఆ సంఖ్యలను దేహధర్మానికి అన్వయించడం హాస్యాస్పదం. అయినా వదిలే వరుసను కవులు తలకిందులు చేయలేదు. ఆకు పోయాక నీరు పోయింది తప్ప, నీరు పోయాక ఆకు పోలేదు.

ధర్మశాస్త్రకారులు ఇంకా సూటిగా మాట్లాడారు. మహాభారతం ఉద్యోగపర్వంలోనూ, తరువాతి వ్రత నిబంధన గ్రంథాలలోనూ కనిపించే ఒక నియమం ప్రకారం వ్రతాన్ని భంగపరచనివి ఎనిమిది: నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. జాబితా నీటితో మొదలై ఔషధంతో ముగుస్తుంది. ఉపవాసం నాడు మాత్ర వేసుకోవచ్చునా, దానితో నీళ్లు తాగవచ్చునా అని ఇళ్లలో జరిగే తర్జనభర్జనలకు శాస్త్రం ఎప్పుడో జవాబు చెప్పింది. ఆ జవాబు వంటింటిదాకా రాలేదు.

ప్రాయశ్చిత్తాలలో నీటికి కొలత కూడా ఉంది. తప్తకృచ్ఛ్రంలో మూడేసి రోజుల చొప్పున వేడినీరు, వేడిపాలు, వేడినెయ్యి, గాలి. పరాశర స్మృతి నీటికి ఆరు పలాలు, పాలకు మూడు, నేతికి ఒకటి చొప్పున చెప్పింది. పలం దాదాపు 48 గ్రాములనుకుంటే నీరు 300 మిల్లీలీటర్లకు లోపే. ఇది ఆరోగ్య నియమం కాదు, శిక్ష. శిక్ష గనుకనే అంత తక్కువ.

రుక్మాంగదుని కథను 15వ శతాబ్దిలో ప్రౌఢకవి మల్లన తెలుగు చేశాడు. ఆ కథకు ఆకరమైన పురాణ సంప్రదాయంలో రాజు ఏకాదశీ ఉపవాసాన్ని ఎనిమిదేళ్లు దాటినవారికీ ఎనభై నిండనివారికీ విధిస్తాడు. అంత కఠినుడైన రాజు కూడా పసివారినీ పండుముసలివారినీ మినహాయించాడు. దప్పికను, ఉప్పు లోటును తట్టుకోవడంలో ఈ రెండు వయసులే బలహీనమైనవని నేటి వైద్యం కూడా చెబుతుంది.

ఇక చరకుడు. సూత్రస్థానం 22వ అధ్యాయంలో లంఘనం పది విధాలని చెప్పి, వాటిలో ఉపవాసాన్నీ పిపాసనూ, అంటే దప్పికను ఓర్చుకోవడాన్నీ, వేరువేరుగా లెక్కించాడు. అన్నం మానడం ఒక చికిత్స, నీరు మానడం మరొక చికిత్స. రెండింటినీ ఒకేసారి ఒకే మనిషికి వేయమని కాదు. "లంఖణం పరమౌషధం" అని మనం సులువుగా అనేస్తాం. ఆ మాట చెప్పిన సంప్రదాయంలోనే అది ఒక ఔషధం కాదు, పది. నిర్జల ఏకాదశి మండే జ్యేష్ఠమాసంలో వస్తుంది. భీముడు ఏడాదిలోని ఏకాదశులన్నింటికీ బదులుగా ఆ ఒక్కదానిని ఆచరించాడని కథ. ఇరవై నాలుగింటి కష్టానికి ఒక్క రోజు దప్పిక సరితూగిందన్న లెక్క ఆ కథలోనే ఉంది.

ఉప్పు ఎవరికి, ఉప్పిడి ఎవరికి

నీటి విషయంలో ఉదారంగా ఉన్న సంప్రదాయం ఉప్పు దగ్గర ద్వైధంగా ప్రవర్తించింది. వ్రతంలో తినదగిన హవిష్యాల జాబితాలలో సైంధవ లవణానికీ సముద్ర లవణానికీ చోటుంది. మరోవైపు బ్రహ్మచర్య దీక్షలోనూ, అశౌచ దినాలలోనూ క్షారలవణాలు నిషిద్ధం. అంటే ఉప్పు మానడం కొన్ని దినాలకు పరిమితమైన నియమం.

ఆ పరిమితి వితంతువుల విషయంలో చెరిగిపోయింది. ఏకాదశి ఉపవాసం, ఒంటిపూట భోజనం, రుచులకు దూరంగా ఉండడం అగ్రవర్ణ కుటుంబాలలోని వితంతువులకు జీవితాంత దీక్షగా మారాయి. బెంగాలులో వారి ఏకాదశి నీటిచుక్క లేనంత కఠినంగా ఉండేది. కందుకూరి వీరేశలింగం వితంతు వివాహాల కోసం పోరాడిన కాలాన్ని చదివేటప్పుడు మనం శిరోముండనాన్ని చూస్తాం, పెళ్లిని చూస్తాం. ఆ వంటింటి మూలలోని చప్పిడి కంచాన్ని అంతగా చూడలేదు. ఇష్టపడి పట్టిన ఉప్పిడికీ, పట్టించిన ఉప్పిడికీ నిఘంటువులో ఒకే అర్థం. మా అమ్మమ్మ తన ఇష్టంతోనే పట్టానంది. ఆమె అత్తగారికి అలా అనే అవకాశం ఉండేది కాదు.

ఉప్పు మానినవారికి పూర్వం కొన్ని ఆదరువులు ఉండేవి. మజ్జిగ, గంజి, తరవాణి వంటివి నీటితోపాటు లవణాలను కూడా అందించాయి. గంజిలో ఉప్పు వేసుకోవడం, తరవాణిలో ఉప్పు కలుపుకోవడం పొలంపని చేసేవారి ఇళ్లలో మామూలు. బెల్లంతో చేసే పానకంలో పొటాషియం ఉంటుంది. అయితే పూర్వులకు అంతా తెలుసునని చెప్పడానికి ఇది ఆధారం కాదు. ఎండలో పనిచేసే మనిషికి ఉప్పు గంజి హితవుగా ఉంటుందని తెలియడానికి రసాయన శాస్త్రం అవసరం లేదు, అంతే.

రోజా నియమాన్ని ఇక్కడ ఒక్క మాటలో ప్రస్తావించాలి. హైదరాబాదులో గాని కర్నూలులో గాని రంజాను నెల చూసినవారికి సహర్, ఇఫ్తార్ పదాలు కొత్తవి కావు. అక్కడ నీరు పగలు పూర్తిగా నిషిద్ధం, రాత్రి పూర్తిగా స్వేచ్ఛ. రోగులకు, బాటసారులకు, గర్భిణులకు సడలింపు ఉంది. ఏకాదశి సంప్రదాయం నీటిని ఆహారానికీ అనాహారానికీ నడుమ ఉంచి అస్పష్టంగా వదిలితే, రోజా సంప్రదాయం దానిని గడియారానికి కట్టింది.

కొలమానాలు

20వ శతాబ్దం మొదట్లో ఉపవాసం ప్రయోగశాలకు చేరింది. 1912లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ పర్యవేక్షణలో లెవాంజిన్ అనే మాల్టా దేశస్థుడు 31 రోజులు స్వేదనజలం మాత్రమే తాగి ఉన్నాడు. ఆ నివేదిక 1915లో వెలువడింది. 1923లో జేమ్స్ గాంబుల్, అతని సహచరులు ఉపవాసంలో దేహం సోడియం, పొటాషియంలను ఎలా కోల్పోతుందో లెక్కగట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, సముద్రంలో తెప్పల మీద చిక్కుకున్న నావికుల కోసం గాంబుల్ చేసిన అధ్యయనాలలో, ఆహారమేమీ లేని మనిషికి రోజుకు 100 గ్రాముల గ్లూకోజు ఇస్తే నీటి నష్టమూ లవణ నష్టమూ తగ్గుతాయని తేలింది.

కారణం ఇప్పుడు తెలిసినదే. అన్నం ఆగితే రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు సోడియాన్ని పట్టి ఉంచవు. ఉపవాసం మొదటి రోజులలో ఉప్పు, దానితోపాటు నీరు ధారాళంగా బయటికి పోతాయి. కాలేయంలోను, కండరాలలోను నిల్వ ఉన్న గ్లైకోజెన్ కరుగుతూ తనతో ఉన్న నీటిని కూడా వదులుతుంది. మొదటి వారంలో తగ్గిన బరువులో చాలా భాగం ఈ నీరే. తల తిరగడం, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం ఆకలి లక్షణాలని మనం అనుకొంటాం. అవి చాలావరకు ఉప్పు లోటు లక్షణాలు. ఆ సమయంలో ఉప్పు లేని నీటిని అతిగా తాగితే రక్తంలో మిగిలిన సోడియం మరింత పలచబడుతుంది.

గాంధీజీ నేర్చుకున్న పాఠం

ఈ విషయాన్ని ప్రయోగశాల లేకుండా తన దేహం మీదనే తెలుసుకొని, రాసి పెట్టినవాడు గాంధీజీ. ఆయన ఉపవాసాలను నైతిక, రాజకీయ దృష్టితో విశ్లేషించిన రచనలు కోకొల్లలు. నీటి దృష్టితో చదివితే ఆత్మకథలో ఒక చిన్న ఒప్పుకోలు పెద్దదిగా కనిపిస్తుంది.

దక్షిణాఫ్రికాలోని ఫీనిక్స్ ఆశ్రమంలో ఇద్దరు ఆశ్రమవాసుల నైతిక పతనానికి ప్రాయశ్చిత్తంగా ఆయన ఏడు రోజులు ఉపవసించి, ఆపైన నాలుగున్నర నెలలు ఒక్కపొద్దు ఉన్నాడు. అది సులువుగా గడిచింది. తరువాత పట్టిన పద్నాలుగు రోజుల ఉపవాసం అలా గడవలేదు. మొదటి అనుభవం ఇచ్చిన ధీమాతో అజాగ్రత్తగా ఉన్నానని, కూనే స్నానాలు రెండు మూడు రోజులకే మానేశానని, నీరు వెగటు పుట్టించడంతో చాలా తక్కువ తాగానని ఆయనే రాసుకున్నాడు. గొంతు ఎండి, చివరి రోజులలో మాట లోగొంతుకలో తప్ప రాలేదు. ఎంత వెగటైనా నీరు బాగా తాగాలన్న కిటుకు అప్పటికి తనకు తెలియదన్నాడు. ఆత్మశుద్ధికై చేసిన తపస్సును వివరిస్తూ మధ్యలో నీళ్ల సంగతి ఎత్తిన ఈ వాక్యాలు నాకు ఆ అధ్యాయంలో అన్నింటికన్న విలువైనవిగా తోచాయి.

ఆయన చెప్పిన కూనే జర్మనీకి చెందిన లూయీ కూనే. ఆయన ప్రకృతి చికిత్సా గ్రంథాన్ని డి. వేంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి అనువదించినట్టు ప్రకృతి వైద్య చరిత్రలు పేర్కొంటున్నాయి. అంటే గాంధీజీ ప్రయోగాలకు ముందే ఈ జలచికిత్స తెలుగు పాఠకుల చేతికి వచ్చింది.

1925 నాటికి ఆయన స్వరం మారింది. యంగ్ ఇండియాలో ఉపవాసులకు సూచనలిస్తూ, కాచి వడబోసి చల్లార్చిన నీటిని కొద్దికొద్దిగా, వీలైనంత ఎక్కువగా తాగమన్నాడు. ఆ నీటిలో ఉప్పు, సోడా ఉన్నా సరే, లేకపోయినా సరే అన్నాడు. పది పన్నెండేళ్ల కిందట నీరు తాగని మనిషి ఇప్పుడు నీటికి నియమాలు రాస్తున్నాడు. 1932 సెప్టెంబరులో యరవాడ జైలులోని ఉపవాసంలో ఆయన తాగిన నీటిలో ఉప్పు, సోడా ఉన్నాయి.

ఉప్పు విషయంలో ఆయన ప్రయాణం ఇంకా విచిత్రం. కస్తూరిబా అనారోగ్యంలో ఆమెను ఒప్పించడానికి తాను ఉప్పు, పప్పు మానేసి, ఆ నియమాన్ని ఏళ్ల తరబడి పాటించాడు. అదే మనిషి 1930లో, గాలి, నీరు తరువాత జీవితానికి బహుశా అత్యవసరమైనది ఉప్పేనని రాసి, దండికి నడిచాడు. దీనిని వైరుధ్యంగా చూసేవారున్నారు. నాకు అలా తోచదు. తన ఇష్టంతో ఉప్పు మానినవానికే ప్రభుత్వం పన్ను వేసి మాన్పించడంలోని అన్యాయం బాగా తెలిసి ఉండాలి. ఇష్టపడి పట్టిన ఉప్పిడికీ పట్టించిన ఉప్పిడికీ నడుమ నిఘంటువు చూపని తేడా ఇదే.

1943 ఫిబ్రవరి 10 నుంచి మార్చి 3 వరకు ఆగాఖాన్ భవనంలో ఆయన 21 రోజులు ఉపవసించాడు. అప్పటికి వయసు 73. అంతకుముందు జనవరిలో వైస్రాయి లిన్‌లిత్‌గోకు రాసిన లేఖలో ఒక వివరం ఉంది. మామూలుగా ఉపవాసాలలో లవణాలు కలిపిన నీరు తీసుకుంటానని, ఈ మధ్య తన దేహం నీటిని తిరస్కరిస్తున్నదని, అందుచేత ఈసారి నిమ్మజాతి పండ్ల రసం కలిపి నీటిని తాగదగినదిగా చేసుకుంటానని తెలిపాడు. చనిపోవడం తన ఉద్దేశం కాదని, బతికి బయటపడాలన్నదే కోరికని కూడా అందులో ఉంది. ఆ రసం ఉపవాస నియమానికి విరుద్ధమా అన్న ప్రశ్న అప్పుడూ లేచింది. అంబరీషుని ముందు లేచిన ప్రశ్నే ఇది. తేడా ఏమంటే, ఇక్కడ ఉపవాసి తాను ఏమి తాగబోతున్నాడో ముందే ఎదుటిపక్షానికి రాతపూర్వకంగా చెప్పాడు.

1948 జనవరి 13న ఢిల్లీలో మొదలైన చివరి నిరశనలో చిక్కు మరో రూపంలో వచ్చింది. తాగిన నీటిని మూత్రపిండాలు సరిగా బయటికి పంపకపోవడం వైద్యులను కలవరపెట్టింది. 78 ఏళ్ల దేహంలో నీరు తాగడం ఒక సమస్య, తాగిన నీరు నిలిచిపోవడం మరొక సమస్య. 18వ తేదీన మౌలానా అబుల్ కలాం ఆజాద్ అందించిన పండ్లరసంతో ఆ నిరశన ముగిసింది.

తెలుగువారి చరిత్రలో పొట్టి శ్రీరాములు నిరశనకున్న స్థానం వేరుగా చెప్పనక్కరలేదు. మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో 1952 అక్టోబరు 19న మొదలై, డిసెంబరు 15 రాత్రి ఆయన మరణంతో ముగిసింది. 58 రోజులన్న సంఖ్య మన పాఠ్యపుస్తకాలలో స్థిరపడింది. ఆ 58 రోజులూ ఆయన దేహంలో ఏమి జరిగిందో, ఏ గ్లాసులో ఏమి కలిపి ఇచ్చారో, ఏ రోజున నీరు నిలవడం మానేసిందో మన పాఠ్యపుస్తకాలకు పట్టలేదు. దినాల సంఖ్య త్యాగాన్ని చూపుతుంది, ఒప్పుకొంటాను. కానీ ఆయన్ను కనిపెట్టుకొని ఉన్నవారు ప్రతి పూటా చూసినది దినాలను కాదు, నీటి గ్లాసును.

పారణ

ఉపవాసం ముగిసే ఘడియ గురించి సంప్రదాయానికి ఉన్న శ్రద్ధ అది మొదలయ్యే ఘడియ గురించి లేదు. ద్వాదశి పారణకు కాలనియమం ఉంది, పదార్థ నియమం ఉంది. కొన్ని వైష్ణవ గృహాలలో అవిసె ఆకు, ఉసిరి తప్పనిసరి. చరకుడు శోధన చికిత్స తరువాత పేయ, విలేపి, ఆపైన గట్టి ఆహారం అని మెట్లు కట్టాడు. పేయ అంటే పలుచని జావ, విలేపి అంటే చిక్కని జావ. రెండో ప్రపంచ యుద్ధం చివర విడుదలైన యుద్ధఖైదీలలో, దీర్ఘకాలం ఆకలికి గురై ఒక్కసారిగా కడుపునిండా తిన్నవారు కొందరు గుండె చేటుతో కుప్పకూలారు. ఆహారం అందగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాలలోకి వేగంగా చేరిపోవడం దానికి కారణం. ఒక్కపూట ఉపవాసానికి ఈ భయం లేదు. పదుల దినాలకు ఉంది.

మా అమ్మమ్మ ఆ తరువాతి సంవత్సరం కూడా తొలి ఏకాదశికి ఒక్కపొద్దు పట్టింది. ఉప్పిడి మానింది. వైద్యులు మాత్ర మార్చారు. ఏకాదశి నాడు మధ్యాహ్నం ఉప్పు వేసిన మజ్జిగ ఇస్తే గ్లాసు చేతిలోనే పట్టుకొని, "ఇది తాగితే తిన్నట్టా, తిననట్టా?" అని అడిగింది. అంబరీషుని కథ చెప్పాను. మజ్జిగకు ఆ నియమం వర్తించదని, అది నీటికే చెప్పారని ఆమె వెంటనే సరిదిద్దింది. జాబితాలో పాలు కూడా ఉన్నాయని నేను వాదించాను. చల్ల వేరు, పాలు వేరు అంది. చివరకు గ్లాసు ఖాళీ చేసింది.